హన్మకొండలో కొన్న అంకెల పెట్టె: 45 పుల్లల్లో ఒకటి తక్కువ

ముందే చెప్పేస్తున్నా, చిన్నపిల్లలకు అంకెలూ లెక్కపెట్టడమూ నేర్పే ఈ పెట్టె కొనమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఇందులో నాలుగు సామాన్లుంటాయి. ఒకటి బంగారం. ఒకటి మనం కాస్త బాగుచేసుకుంటే పనికొస్తుంది. ఒకటి పిల్లాడికి తప్పు నేర్పిస్తుంది. ఇంకొకటి ఇంటిల్లిపాదికీ తలనొప్పి. 1,250 రూపాయలు పోసి కొన్నా, నాలుగు నెలలు రోజూ వాడా. షాపులో పెట్టెను అటూ ఇటూ తిప్పి చూస్తూ కొనాలా వద్దా అని నిలబడే అమ్మానాన్నలకు కాస్త ఉపయోగపడుతుందని రాస్తున్నా.

నేను హన్మకొండలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ చెప్తా, పదకొండేళ్ళయింది. మా చిన్నోడికి నాలుగున్నరేళ్ళు. జూన్‌లో స్కూళ్ళు తెరిచే ముందు చౌరస్తా దగ్గర పుస్తకాలూ బొమ్మలూ కలిపి అమ్మే షాపులో ఈ పెట్టె దొరికింది. మీద 1,599 అని ఉంది, టీచర్నని చెప్తే 1,400 అన్నాడు, వదిలేసి మెట్లు దిగుతుంటే 1,250 అయింది. అంతకు కిందికి రాలేదు.

అసలు ఎందుకు కొన్నానంటే, మా వాడికి వన్ నుంచి హండ్రెడ్ దాకా గడగడా వచ్చు. చుట్టాలెవరొచ్చినా నిలబెట్టి చెప్పిస్తారు, వాడు ఊపిరి తీసుకోకుండా చెప్తాడు, పది రూపాయల నోటు చేతిలో పడుతుంది. మే నెలలో ఒకరోజు ఇలాగే అయ్యాక, సాయంత్రం వాడి పళ్ళెంలో ఆరు ద్రాక్షపండ్లు పెట్టి ఎన్ని ఉన్నాయో చెప్పమన్నా. వేలు పెట్టి వన్, టూ, త్రీ అని సిక్స్ దాకా చక్కగా లెక్కపెట్టాడు. "మరి ఎన్ని ఉన్నాయిరా?" అంటే మళ్ళీ మొదటి నుంచి వన్, టూ, త్రీ. ఇంకోసారి అడిగితే ముఖం చిట్లించుకుని మళ్ళీ మొదలుపెట్టాడు, ఎన్నిసార్లు చెప్పినా ఈమెకు అర్థం కాదేంటి అన్నట్టు. చివర అన్న సిక్స్ అనే మాటే జవాబు అని వాడికి తెలియదు. వాడి దృష్టిలో 'ఎన్ని' అంటే ఆ పాట పాడమని.

ఇది మా వాడి ఒక్కడి సంగతి కాదు, నా క్లాసులో ఏటా సగం మంది ఇలాగే వస్తారు. గెల్మన్, గాలిస్టెల్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే దీన్ని విడదీసి చెప్పారు. అంకెల పేర్లు వరస తప్పకుండా అనడం ఒకటి, ఒక్కో వస్తువుకు ఒక్కో పేరే అంటగట్టడం రెండోది, చివరి పేరే మొత్తం అని తెలియడం మూడోది. ఏ వస్తువునైనా లెక్కపెట్టవచ్చనీ, ఎటు నుంచి మొదలుపెట్టినా లెక్క మారదనీ ఇంకో రెండున్నాయి. ఇవన్నీ ఒకేసారి రావు. మనం ఇంట్లో మొదటిది రాగానే లెక్కలొచ్చేశాయని పండగ చేసుకుంటాం.

ఇక పెట్టె సంగతి. ముందు బంగారం గురించి.

చెక్క డబ్బా, పది అరలు, ఒక్కో అర వెనక 0 నుంచి 9 దాకా అంకె రాసి ఉంటుంది. దాంతోపాటు నున్నటి చెక్క పుల్లలు, పెన్సిలంత లావు, మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా. 1 ఉన్న అరలో ఒకటి, 2 ఉన్న అరలో రెండు, అలా 9 దాకా వేసుకుంటూ పోవాలి. ఇంతే ఆట. ఈ ఆలోచన మరియా మాంటిస్సోరిది. 1907లో రోమ్‌లో పిల్లల బడి పెట్టిన డాక్టరమ్మ, 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఇక్కడే ఏళ్ళ తరబడి ఉండి మన టీచర్లకు పాఠాలు చెప్పింది. ఆ తెలివంతా పుల్లల లెక్కలో ఉంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా కూడితే 45. సరిగ్గా అన్నే పుల్లలు ఇస్తారు. మధ్యలో ఎక్కడ ఒకటి ఎక్కువో తక్కువో వేసినా 9 దగ్గరికొచ్చేసరికి బయటపడుతుంది. టీచరు తప్పు అనక్కర్లేదు, అమ్మ అరవక్కర్లేదు, పెట్టే చెప్తుంది.

మాకు చెప్పింది కూడా, కానీ నేనే వినలేదు.

తెచ్చిన రోజు సాయంత్రం వాడు నేలమీద కూర్చుని వేయడం మొదలుపెట్టాడు. నేను పప్పు పోపు పెడుతూ వింటున్నా. వన్, అయింది. వన్ టూ, అయింది. ప్రతి అరకూ పుల్లల్ని గుప్పిట్లో కలిపి పట్టుకుని వేయమని చెప్పా, అలాగే చేస్తున్నాడు, ఎందుకంటే ఐదు అంటే ఐదు విడివిడి పుల్లలే కాదు, చేతికి తెలిసే ఒక లావు కూడా. 9 దగ్గరికి వచ్చాడు. "అమ్మా, అయిపోయినయ్" అన్నాడు. వెళ్ళి చూస్తే చివరి అరలో ఎనిమిదే ఉన్నాయి. "ఎక్కడో ఒకటి ఎక్కువేసినట్టున్నవ్ నాన్నా, మళ్ళీ చెయ్యి" అన్నా. అన్నీ కుమ్మరించి మళ్ళీ వేశాడు. మళ్ళీ ఎనిమిదే. మూడోసారి వేస్తున్నప్పుడు వేళ్ళు తడబడుతున్నాయి, ఒక్కో అరా రెండేసి సార్లు చూసుకుంటున్నాడు. ఈసారీ ఎనిమిదే వచ్చేసరికి కింది పెదవి ముందుకొచ్చింది. "నాకు రాదు" అని డబ్బా తోసేశాడు.

అప్పుడు కూర్చుని నేను లెక్కపెడితే 44 ఉన్నాయి.

పదకొండేళ్ళ సర్వీసులో నాకింత సిగ్గెప్పుడూ వేయలేదు. మూడుసార్లూ పిల్లాడిదే తప్పనుకున్నా, సీలేసి వచ్చిన పెట్టెది అయి ఉంటుందని ఒక్కసారీ అనుకోలేదు. కాబట్టి ఈ సెట్టు కొనేవాళ్ళు ఎవరైనా సరే, షాపులోనే సీలు విప్పించి 45 లెక్కపెట్టుకుని డబ్బులివ్వండి. పిల్లాడి చేతికిచ్చాక కాదు.

మర్నాడు షాపుకెళ్తే ఆయన "ఒక్క పుల్లకేనా మేడమ్ ఇంత దూరం వచ్చింది" అన్నాడు. ఒక్క పుల్ల లేకపోతే ఈ ఆటే లేదని చెప్పబోయి, ఆయన చూపు చూసి మానేశా. సీలు విప్పారు కాబట్టి మార్చడానికి కుదరదట, కంపెనీకి ఫోన్ చేయాలట. పెట్టె మీద ఉన్న నంబరుకు వారం రోజులు చేశా, మోగుతుంది, ఎవరూ ఎత్తరు. చివరికి మా ఆయన ఒక పాత పెన్సిల్ను పుల్ల పొడవుకు కోసి, రెండు వైపులా అరగదీసి ఇచ్చాడు. అమ్మయ్య అనుకున్నా.

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది పుల్ల కాదు, పెన్సిల్" అన్నాడు. 9 అరలో పెట్టి లెక్కపెట్టమంటే ఎనిమిది దాకా వచ్చి ఆగుతాడు. "మరి ఇది?" అంటే "ఒక పెన్సిల్." ఎనిమిది పుల్లలు, ఒక పెన్సిల్. వాడి లెక్క ప్రకారం కరెక్టే మరి. రకరకాల వస్తువుల్ని ఒకే లెక్కలో కలపవచ్చనేది ఇంకా ఒంటబట్టని వయసు. క్లాసులోనూ అంతే, మూడు క్రేయాన్లు, రెండు రబ్బర్లు పెట్టి "మొత్తం ఎన్ని?" అంటే "మూడు క్రేయాన్లు, రెండు రబ్బర్లు" అనేవాళ్ళు చాలామంది ఉంటారు. బలవంతపెట్టలేదు, పెన్సిల్ ముక్క అలాగే డబ్బాలో ఉండిపోయింది.

సున్నా గురించి కూడా చెప్పాలి. మా స్కూల్లో ఎల్‌కేజీకి వన్ నుంచే మొదలు, సున్నా అంటే టెన్ రాసేటప్పుడు పక్కన పెట్టే గుండ్రం, అంతే. ఈ డబ్బాలో దానికో అర ఉంది, అది ఖాళీగా ఉండాలి. మొదటివారం అంతా మా వాడికి అదే బాధ. "పాపం దీనికి ఏమియ్యవా?" అని ఒక పుల్ల పెట్టబోయేవాడు. ఏమీ లేకపోవడానికి కూడా ఒక అంకె ఉంటుందని మాటల్లో చెప్తే ఏ పిల్లాడికీ ఎక్కదు. వాళ్ళ బాపమ్మ ఒకరోజు ఖాళీ లడ్డూ డబ్బా మూత తీసి చూపించి "ఎన్నున్నయిరా?" అంది. "లేవు." "గదే సున్నా." అయిపోయింది పాఠం. బీఈడీ చేసింది నేను.

రెండోది ఉప్పుకాగితం అంకెలు. చిన్న చెక్క పలకల మీద ఉప్పుకాగితాన్ని అంకె ఆకారంలో కోసి అతికించారు, చూపుడు వేలూ నడి వేలూ కలిపి దాని మీద రాసినట్టు తిప్పాలి. చేతికి అలవాటయ్యాకే పెన్సిల్ పట్టాలన్నది దీని వెనక ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, తయారీ మాత్రం అంతంత మాత్రం. వేసిన కాగితం తలుపులు రుద్దే ముతక రకం. మొదటిరోజే వాడు రెండుసార్లు తిప్పి వేళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఒక సాయంత్రం కూర్చుని ఆ పది పలకల్నీ ఒకదానికొకటి రుద్ది గరుకు చంపితే అప్పుడు పనికొచ్చింది. జులై వానలకు 2, 5 అంచులు లేచిపోయాయి, ఫెవికాల్ పెట్టి పైన బరువు పెట్టా. ఎక్కడ మొదలుపెట్టాలో చూపే గుర్తు ఒక్కదానిమీదా లేదు. గుర్తు లేకపోతే పిల్లలు 8ని రెండు సున్నాలుగా, 5ని కిందినుంచి పైకి తిప్పుతారు, ఒకసారి చేతికి అలవాటైతే యూకేజీలో దాన్ని మార్చేసరికి నా బోటి వాళ్ళ పని అయిపోతుంది. నేను ఎర్ర నెయిల్ పాలిష్‌తో మొదలయ్యే చోట చుక్క పెట్టా. మీరు కొంటే ఆ పని మొదటిరోజే చేయండి.

ఇంకో చిక్కు, ఇందులో 4 పైన మూసి ఉంది, మన చేతిరాతలో తెరిచి ఉంటుంది. 1కి పైన ముక్కు, కింద పీట. మా వాడు స్కూల్ పుస్తకంలో 4ని చూసి "ఇది వేరే ఫోర్" అన్నాడు. నేను గోడ మీద రకరకాల నాలుగుల్ని అతికించేశా, క్యాలెండర్ది, బస్సు నంబర్ది, గ్యాస్ బండ మీదిది, లూడో పాచికది. అంకెను గుర్తుపట్టడం అంటే ఒకే బొమ్మను గుర్తుపట్టడం కాదు కదా. అన్నట్టు 3ని, 7ని అటు తిప్పి రాస్తున్నారని కంగారుపడి నా దగ్గరికి వచ్చే తల్లులు ఏటా ఉంటారు. నాలుగైదేళ్ళ వయసులో అద్దంలో చూసినట్టు రాయడం మామూలే, ఎక్కువమందికి దానంతట అదే పోతుంది. టెన్షన్ పడి కొట్టకండి.

మూడోది పిడి ఉన్న చెక్క అంకెల పజిల్. 1 నుంచి 20 దాకా, అంకెను దాని గుంటలో కూర్చోబెట్టాలి. చూడ్డానికి అందంగా ఉంటుంది, పెట్టెను కొనిపించేది కూడా ఇదే. కానీ దీనివల్ల మా వాడు 6కీ 9కీ తేడా నేర్చుకోకపోగా, ఉన్న తేడా పోగొట్టుకున్నాడు. ఎలాగంటే, 6ని తలకిందులు చేస్తే 9 అవుతుంది, రెండింటికీ ఒకే కొలత, కాబట్టి 6 ముక్క 9 గుంటలో టప్పున కూర్చుంటుంది. పజిల్ ఒప్పుకున్నాక అమ్మ కాదంటే ఎందుకు వింటాడు? "పట్టింది కదా" అంటాడు. పుల్లల డబ్బా తప్పును పట్టిస్తే ఇది తప్పును కప్పిపెడుతుంది. ఈ రెండూ ఒకే పెట్టెలో ఎలా పెట్టారో తయారుచేసినవాళ్ళకే తెలియాలి. 6 కిందా 9 కిందా ఒక గీత గీసేస్తే సరిపోయేది, ఆటల్లో రాసుకునే చీటీల మీద మన ఇళ్ళల్లో పిల్లలే గీసుకుంటారు.

గుంటల అడుగున అన్నేసి బొమ్మలున్నాయి, ముక్క పెట్టేస్తే కనబడవు, అదొక లోపం. కనబడినా ఏమొచ్చింది, అన్నీ స్ట్రాబెర్రీలు, పెంగ్విన్లు. సీతాఫలం ఉందా, మక్కకంకి ఉందా. మా అత్తమ్మ దగ్గర పెళ్ళప్పటి నిర్మల్ కొయ్యపండ్లున్నాయి, పొనికి కర్రతో చేసినవి, అరటి, మామిడి, జామ, సీతాఫలం, అద్దాల బీరువాలోంచి ముప్పై ఏళ్ళుగా బయటికి రాలేదు. మనవడి కోసం వచ్చాయి. ఒక్కోటీ చేత్తో పట్టుకుని లెక్కపెడుతుంటే పజిల్ వంక కూడా చూడలేదు వాడు. బరువు లేకుండా, చేతినిండా ఉంటాయి. ఎవరైనా నిర్మల్ వెళ్తే పిల్లలకు అవి తెండి.

నాలుగోది పాడే పలక. బ్యాటరీలు వేసి అంకె నొక్కితే దాని పేరు చెప్పి ఒక ట్యూన్ వాయిస్తుంది. దీని గురించి ఎక్కువ రాయను. మా వాడు 7 ట్యూన్ బాగుందని రోజుకు వందసార్లు 7 నొక్కాడు, ఏడు వస్తువులు తెమ్మంటే తేలేడు. 13 నొక్కినా 30 నొక్కినా ఒకేలా వినబడుతుంది, అసలే ఇంగ్లీషులో పిల్లలు తడబడే చోటు అది. అత్తమ్మ మూడో రోజుకు బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌లో వేసేసింది. ఇంకో మాట, పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. చెక్క సామాన్ల డబ్బా మీద ఆ గుర్తు ఉంది. ఈ పలక మీద ఎంత వెతికినా కనబడలేదు, విడిగా తెచ్చి పెట్టెలో పడేసినట్టున్నారు. ఇది తీసేసి 200 తగ్గిస్తే బాగుండేది.

అత్తమ్మ పేరొచ్చింది కాబట్టి, పెట్టెతో నేరుగా సంబంధం లేకపోయినా ఇది చెప్పాలి. ఒకరోజు ఆమె వంటింట్లోంచి "నాలుగు పచ్చిమిరపకాయలు తేపో బిడ్డా" అంది. వాడు ఫ్రిజ్ తెరిచి నిలబడ్డాడు. "నాలుగంటే?" అన్నాడు. "హండ్రెడ్ దాకా చెప్తవ్, నాలుగు తెల్వదా?" అని ఆమె నోరు నొక్కుకుంది. నాకు నవ్వూ వచ్చింది, గుండె కలుక్కుమంది కూడా. ఈ సెట్టులో తెలుగు అంకెల మాట ఎక్కడా లేదు. ఉండాల్సిన అవసరం ఏంటంటారా? ఇరవై దాటాక తెలుగులో లెక్క చాలా తేట, ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఇరవైకి ముందు కూడా పదమూడు, పద్నాలుగు, పదిహేను అంటుంటే పది వినబడుతూనే ఉంటుంది. ఇంగ్లీషులో లెవెన్, ట్వెల్వ్ అంటే లోపల ఏముందో పెద్దవాళ్ళకే తెలియదు. నేను ఇప్పుడు పుల్లల్ని ఒక పూట ఇంగ్లీషులో, ఒక పూట తెలుగులో వేయిస్తున్నా.

తెలుగులో చిక్కు వేరే చోట ఉంది. మామిడిపండ్లు రెండు, మనుషులు ఇద్దరు. వాడు మొన్న "మనింటికి రెండు అత్తలొచ్చిన్రు" అన్నాడు. ఆ ఇద్దరు అత్తలు ఇంకా చెప్పుకుని నవ్వుతున్నారు. పండ్లకు ఒక వరస, మనుషులకు ఒక వరస ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు, కానీ ముగ్గురు, నలుగురు, ఐదుగురు అని చెప్పడం వాడికి పాటలా నచ్చింది.

లెక్కల కోసం డబ్బులు పెట్టక్కర్లేని చోట్లు మన దగ్గర బోలెడు. కాజీపేట స్టేషన్లో అరగంట నిలబడితే గూడ్సు బండి వస్తుంది, డబ్బాలు కదులుతుంటాయి కాబట్టి వేలు పెట్టి లెక్కపెట్టడం కుదరదు, నోరూ కన్నూ కలిసి పరిగెత్తాలి. ఇరవై తర్వాత మా వాడికి లెక్క తప్పుతుంది, పర్లేదు. వరంగల్ కోటలో తోరణాలు నాలుగే, నాలుగు దాకా లెక్కపెట్టకుండా చూడగానే చెప్పేయడం పిల్లలకు త్వరగా అబ్బుతుంది, అష్టాచెమ్మలో గవ్వలు నాలుగే ఉండటం కూడా ఇందుకు బాగా కుదిరింది. వేయిస్తంభాల గుడికి తీసుకెళ్తే మాత్రం మీ ఖర్మ. "వెయ్యి ఉన్నయా?" అని ఒక్కో స్తంభం దగ్గరా ఆగాడు, నేనేమో 1163లో రుద్రదేవుడు కట్టించాడు, లోపల మూడు గుడులున్నాయి, ఆ మూడు చెప్పు చాలు అని తప్పించుకున్నా. సద్దుల బతుకమ్మ దాకా రోజుకో పేరు ఉంది కదా, ఎంగిలిపూల నుంచి తొమ్మిది. 'ఏడోది ఏది?' అంటే వేపకాయల బతుకమ్మ అని చెప్పడం, మొత్తం ఎన్ని అనేదానికి పూర్తిగా వేరే పని. మొదటిది, రెండోది, మూడోది అనే వరస ఈ పెట్టెలో ఎక్కడా లేదు. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు వరస ఎన్నోది, గునుగు వరస ఎన్నోది అని అడిగితే చాలు.

వీటికి తోడు గుడ్ల ట్రే. ముప్పై గుడ్ల అట్ట ట్రేను రెండు వరసలు, వరసకు ఐదు గుంటలు వచ్చేట్టు కోస్తే పదిగుంటల ముక్కలు మూడొస్తాయి. గుంటకో చింతగింజ. ఏడు వేస్తే ఒక వరస నిండి కింద రెండుంటాయి, ఇంకా మూడు గుంటలు ఖాళీ అని కంటికి కనబడుతుంది. నా క్లాసులో 31 మంది, ఇలాంటి పెట్టె ఒక్కటి తీసుకెళ్తే కొట్టుకుంటారు. అందుకే క్లాసుకు గుడ్ల ట్రేలే తీసుకెళ్ళా, కోడిగుడ్ల షాపాయన ఊరికే ఇచ్చాడు. నిజానికి ఈ పెట్టె ఇంట్లో ఒకరిద్దరు పిల్లలకే తప్ప క్లాసుకు పనికిరాదు.

పెట్టె కాదు గానీ అసలు గొడవ ఇంకొకటుంది, రాయకుండా ఉండలేను. మా స్కూల్లోనే కాదు, చాలాచోట్ల ఎల్‌కేజీ పిల్లలతో గళ్ళ నోట్‌బుక్కులో 1 నుంచి 100 రాయిస్తారు. పేరెంట్సే అడుగుతారు, పక్క స్కూల్లో రాయిస్తున్నారు మేడమ్ అని. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో ఒకటో తరగతికి ముందు ఏడాది, అంటే మన యూకేజీకి, అంకెలు 10 వరకు గుర్తుపట్టి చదవగలిగితే చాలని ఉంది. 99 వరకు చదవడం, రాయడం ఒకటో తరగతికి పెట్టారు. నేను మీటింగుల్లో ఇది చెప్తే "మా బాబు ముందుండాలి కదా" అంటారు. ముందుంటాడు, ఆరు ద్రాక్షపండ్ల దగ్గర ఆగిపోతాడు.

నాలుగు నెలల్లో మా వాడికి ఏమొచ్చిందంటే, ఎన్ని అని అడిగితే చివరి అంకె చెప్పి ఊరుకుంటాడు. తొమ్మిది దాకా అడిగినన్ని తెస్తాడు. ఆరు పుల్లల్ని దగ్గరగా ఒక వరస, దూరం దూరంగా ఒక వరస పెడితే మాత్రం పొడుగు వరసలోనే ఎక్కువున్నాయంటాడు. అది పియాజే అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించిన పాత సంగతే, ఆరేడేళ్ళకు గానీ కుదరదు, నేనూ పట్టించుకోలేదు. ఇదంతా పెట్టె గొప్పతనమేనని చెప్పను, చింతగింజలకూ అత్తమ్మకూ వాటా ఉంది. పుల్లల డబ్బా విడిగా దొరికితే ఐదు వందలు పెట్టొచ్చు, కళ్ళు మూసుకుని కొనండి. మొత్తం సెట్టుకు 1,250 ఎక్కువ. ఐదుకు మూడు స్టార్లు, ఆ మూడూ డబ్బాకే.

పోయిన వారం పరకాల నుంచి మా ఆడబిడ్డ వచ్చింది, వాళ్ళ పాప కోసం ఇదే పెట్టె కావాలంటే అదే షాపుకు తీసుకెళ్ళా. ఈసారి డబ్బులివ్వకముందే సీలు విప్పించా. షాపాయన నన్ను గుర్తుపట్టి ఏమీ అనలేదు. మా వాడు కౌంటర్ పక్కన నేలమీద కూర్చుని ఒకటి నుంచి వేసుకుంటూ పోయాడు, జనం వాణ్ణి దాటుకుని తిరుగుతున్నారు. 9 అర నిండింది. చేతిలో ఒక పుల్ల మిగిలింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ మిగిలింది. నేను ఈసారి మళ్ళీ చెయ్యమని అనలేదు. వాడు లేచి నిలబడి షాపాయనకు చూపించి "ఇది మాది" అన్నాడు. ఆయన నవ్వేసి తీసుకో అన్నాడు.

ఇంటికొచ్చాక 9 అరలో పెన్సిల్ ముక్క తీసేసి పుల్ల పెట్టా. పెన్సిల్ పారేయబోతే ఒప్పుకోలేదు, తీసుకెళ్ళి సున్నా అరలో పెట్టాడు. సున్నా అంటే ఏమీ ఉండకూడదు కదరా అంటే, "పుల్లలేం లేవు కదా" అన్నాడు.